రొమ్ముల సైజు తగ్గించే సర్జరీకి ముందు సీటీ యాంజియో నిజంగా అవసరమా?

అడిగినావిడ వివరాలు ముందు క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి ఉపయోగపడుతుంది. వయసు 36. 22 ఏళ్ళప్పుడు ఒకసారి బ్రెస్ట్ రిడక్షన్ సర్జరీ అయింది. తర్వాత రెండు కాన్పులు, బరువు పెరగడం, రొమ్ములు మళ్ళీ పెద్దవయ్యాయి. మెడనొప్పి, భుజాల మీద బ్రా పట్టీలు దిగబడిన గాడులు, ఎండాకాలం వస్తే రొమ్ముల కింద ఒరుసుకుపోయి పుండ్లు. మెడ కింది గుంత నుంచి చనుమొన దాకా కొలత 33 సెంటీమీటర్లు. మొదటి ఆపరేషన్ కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. ఇప్పుడు చూపించుకున్న ప్లాస్టిక్ సర్జన్ సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, తీయించుకుని రమ్మన్నారు. ఇంకో డాక్టర్ అదేమీ అక్కర్లేదన్నారు. రేడియేషన్ అంటే భయం, ఖర్చూ ఆలోచించుకోవాలి. ఎవరి మాట వినాలి?

అమ్మా, మీ విషయంలో స్కాన్ అడిగిన డాక్టర్ మాటే సరైనదని నా అభిప్రాయం. నేను చాలా ఏళ్ళుగా ఈ సర్జరీలు చేస్తున్న ప్లాస్టిక్ సర్జన్‌ని. మొదటిసారి ఈ ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళలో చాలామందికి నేను సీటీ రాయను. అది ఎక్కడా రొటీన్ పరీక్ష కాదు. రెండో డాక్టర్ మీకు ఇంతకుముందు సర్జరీ అయిన సంగతి గట్టిగా పట్టించుకున్నారో లేదో ఒకసారి అడగండి. మొత్తం తేడా అక్కడే ఉంది.

ఈ సర్జరీ అంటే ఎక్కువైన కండ తీసేసి కుట్లు వేయడమే అని చాలామంది అనుకుంటారు. కండ తీయడం కష్టం కాదు. కిందికి జారిన చనుమొనను పైకి తీసుకెళ్ళి, అక్కడ అది బతికేలా చూడటమే అసలు పని. మొక్కను ఒక చోటు నుంచి తీసి ఇంకో చోట నాటేటప్పుడు వేళ్ళ చుట్టూ మట్టిగడ్డ కదలకుండా ఎలా తీస్తామో, చనుమొనను కూడా దానికి రక్తం తెచ్చే కండతో కలిపే పైకి జరపాలి. ఆ కండపట్టీని మేము పెడికిల్ అంటాం. పెడికిల్‌లో మంచి రక్తనాళం ఉంటే చనుమొన బతుకుతుంది, స్పర్శ కూడా చాలావరకు నిలుస్తుంది. లేకపోతే నల్లబడి కొంత భాగమో మొత్తమో పోతుంది.

రొమ్ముకి రక్తం నాలుగైదు దారుల్లో వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటర్నల్ మామరీ ధమని. ఇది ఛాతీ మధ్య ఎముకకి ఒక వేలు పక్కగా, పక్కటెముకల వెనకాల నిలువుగా దిగుతుంది. దాని నుంచి ఒక్కో పక్కటెముకల సందు గుండా ఒక్కో కొమ్మ బయటికి వచ్చి రొమ్ములోకి వెళ్తుంది. వాటిలో రెండో, మూడో సందుల్లోంచి వచ్చేవి సాధారణంగా పెద్దవి. చంక వైపు నుంచి లాటరల్ థొరాసిక్ ధమని వస్తుంది. అడుగు నుంచి నాలుగు, అయిదు సందుల దగ్గర లోతుగా కొన్ని కొమ్మలు వస్తాయి. రొమ్ము మధ్యలో అడ్డంగా ఒక పలుచని పొర ఉంటుంది, దాని వెంబడి రక్తనాళాలూ చనుమొనకి స్పర్శనిచ్చే నరమూ నడుస్తాయి. 1998లో ఆస్ట్రియా సర్జన్ వూరింగర్ దీన్ని వివరంగా రాశాక ఆ పొరను కాపాడుతూ చేసే పద్ధతులు వచ్చాయి. ఈ దారుల్లో ఏది పెద్దది, ఏది సన్నది అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకే మనిషిలో కుడికీ ఎడమకీ కూడా మారుతుంది.

కాబట్టి పెడికిల్ కూడా రకరకాలుగా తీసుకోవచ్చు. కింది నుంచి తీసుకునే ఇన్‌ఫీరియర్ పెడికిల్ 1970ల నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది, ఇప్పటికీ చాలామంది అదే చేస్తారు. పైనుంచి లోపలివైపుగా తీసుకునేది సుపీరోమీడియల్ పెడికిల్, నేను ఎక్కువగా చేసేది ఇదే. నేరుగా పైనుంచీ, పక్కనుంచీ, మధ్య నుంచీ తీసుకునేవి కూడా ఉన్నాయి. చనుమొనను పూర్తిగా తీసి చర్మంలాగా మళ్ళీ అతికించే పద్ధతి 1922లో థోరెక్ రాసినప్పటి నుంచి ఉంది. అందులో చనుమొన చచ్చిపోయే భయం తక్కువే కానీ స్పర్శా, పాలిచ్చే అవకాశమూ పోతాయి.

ఇక మీ సమస్య. మీ మచ్చ చనుమొన చుట్టూ ఒక వలయం, కిందికి ఒక గీత, అడుగున అడ్డంగా ఒక గీతగా ఉందని రాశారు. లంగరు ఆకారం. ఆ మచ్చను బట్టి లోపల ఏ పెడికిల్ వాడారో చెప్పడం కుదరదు. బయటి చర్మం కోత వేరు, లోపలి పెడికిల్ వేరు. అదే మచ్చ కింద ఇన్‌ఫీరియర్ ఉండొచ్చు, సుపీరోమీడియల్ ఉండొచ్చు. మొదటి సర్జన్ కింది నుంచి రక్తం నిలిపి పై దారులు కోసేసి ఉంటే, ఇప్పుడు నేను తెలియక పైనుంచి పెడికిల్ తీసుకుని కింది కండ కోసేస్తే చనుమొనకి మిగిలిన దారి కూడా తెగిపోతుంది. ఇన్నేళ్ళలో కొత్త కొమ్మలు పెరిగి ఉంటాయి, నిజమే. కానీ ఏ వైపు నుంచి ఎంత పెరిగాయన్నది పైనుంచి చూస్తే తెలియదు. మీ మొదటి ఆపరేషన్ నోట్స్ దొరికితే సీటీ అవసరం చాలావరకు తీరిపోతుంది. మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్ళి పేరు, సంవత్సరం చెప్పి ఒకసారి గట్టిగా వెతికించండి. 14 ఏళ్ళ కిందటివి ఉండకపోవచ్చు, అయినా అడగడానికి ఖర్చేమీ లేదు.

దీనికన్నా ముందు మీ సర్జన్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈసారి నా చనుమొనను ఎన్ని సెంటీమీటర్లు పైకి జరపాలి?" రెండోసారి వచ్చేవాళ్ళలో చాలామందికి చనుమొన దాదాపు సరైన ఎత్తులోనే ఉంటుంది, కింది భాగం మాత్రమే బరువెక్కి జారుతుంది. అలాంటివాళ్ళకి కిందినుంచి ఒక ముక్క తీసి, పక్కల లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు పీల్చేయడం) చేసి, చనుమొనను పెద్దగా కదపకుండా వదిలేయొచ్చు. వాళ్ళకి సీటీ తీసినా ప్లాన్ మారదు, అంటే తీయడం దండగ. మీకు 33 సెంటీమీటర్లు అన్నారు కాబట్టి అది వర్తించదు. మీ ఎత్తును బట్టి 22, 23 దగ్గర పెట్టాలనుకుంటే పది సెంటీమీటర్ల దాకా పైకి తేవాలి. పెడికిల్ మీద ఆధారపడక తప్పదు. అందుకే మీకు స్కాన్ అర్థవంతం.

స్కాన్‌లో ఏం కనిపిస్తుందో చెప్తాను. చేతి నరంలో కాస్త పెద్ద సూది పెట్టి, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు యంత్రంతో వేగంగా ఎక్కిస్తారు. మందు గుండె దాటి ధమనుల్లోకి చేరిన క్షణంలో ఫోటోలు తీస్తారు, ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే పలుచని ముక్కలుగా. కంప్యూటర్‌లో చూస్తే కొవ్వు నల్లగా, పాలగ్రంథి బూడిదరంగులో, రక్తనాళం తెల్లగా ఉంటుంది. పలుచని ముక్కలు విడివిడిగా చూస్తే నాళం చుక్కచుక్కలుగా కనిపిస్తుంది, దారి అర్థం కాదు. కొన్ని ముక్కల్ని కలిపి మందమైన పొరగా చూసినప్పుడు ఛాతీ ఎముక పక్కన ఒక సందులోంచి సన్నని తెల్లదారం బయటికి వచ్చి, చర్మానికి దాదాపు ఒక సెంటీమీటరు లోతులో వంపు తిరుగుతూ చనుమొన వైపు పోతున్నట్టు తేలుతుంది. పాత సర్జరీ అయినవాళ్ళలో ఈ దారం ఎక్కడో ఒకచోట మచ్చకండ దగ్గర ఠక్కున ఆగిపోవచ్చు. మేము వెతికేది అదే. అది చనుమొన దాకా చేరిందా, మధ్యలో తెగిందా.

ఆ బొమ్మను శరీరం మీదికి తేవడం ఇంకో పని. స్కాన్ పడుకోబెట్టి తీస్తారు, రొమ్ములు పక్కలకి పరుచుకుంటాయి. మేము గీతలు గీసేది మీరు నిలబడి ఉన్నప్పుడు. అందుకని రొమ్ము మీది దూరాల్ని కాకుండా కదలని గుర్తుల్ని పట్టుకోవాలి. గొంతు గుంత నుంచి ఛాతీ ఎముక మీద వేలు కిందికి జార్చితే నాలుగైదు సెంటీమీటర్ల దగ్గర ఒక గట్టు తగులుతుంది. రెండో పక్కటెముక అతుక్కునేది అక్కడే, దాని కింద ఉన్నది రెండో సందు. స్కాన్‌లో నాళం రెండో సందులో, మధ్యగీత నుంచి ఇన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందని కొలిచి, అక్కడ చేతి డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న పరికరం) పెట్టి వింటాను. నాడి కొట్టుకునే చప్పుడు స్పష్టంగా వినిపిస్తే అక్కడ మార్కర్‌తో చుక్క. సీటీ, డాప్లర్ రెండూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ పెడికిల్ మీద నమ్మకం పెట్టుకుంటాను. కాబట్టి రేడియాలజిస్టుకి చీటీ రాసేటప్పుడు "ఛాతీ సీటీ" అని వదిలేయకూడదు. "రొమ్ము పాత సర్జరీ, చనుమొనకి చేరే నాళాలు ఏ సందు నుంచి, లోతు ఎంత" అని అడగాలి. మామూలు ఛాతీ రిపోర్టులో ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె సైజు మామూలే అని నాలుగు లైన్లు వస్తాయి. వాటితో మాకు పని లేదు. సీడీ కూడా తప్పకుండా అడిగి తీసుకోండి, ఫిల్ముల మీద ఈ సన్న నాళాలు చూడటం కుదరదు.

సీటీ చెప్పనివి కూడా ఉన్నాయి, వాటి గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. ధమని దశలో తీసిన స్కాన్‌లో సిరలు సరిగా కనిపించవు. కానీ ఆపరేషన్ తర్వాత చనుమొన ఊదారంగులోకి తిరిగితే చాలాసార్లు కారణం రక్తం రాకపోవడం కాదు, వెనక్కి పోకపోవడం. ఆ సిరలు చర్మం అడుగునే ఉంటాయి, ధమనితో కలిసి నడవవు. అందుకే పెడికిల్ మీద పైచర్మం మాత్రమే గీకి దాని కింది పొరను వదిలేస్తాం. సీటీలో ఎంత లావు ధమని కనిపించినా ఈ జాగ్రత్త మానకూడదు. రేడియేషన్ చికిత్స తీసుకున్న రొమ్ములో కూడా పెద్ద నాళాలు బాగానే కనిపిస్తాయి, సూక్ష్మ నాళాల దెబ్బ మాత్రం కనిపించదు. పొగాకు చేసే నష్టమూ అంతే. సిగరెట్టే కాదు, ఖైనీ, గుట్కా, ఉత్తరాంధ్రలో పెద్దావిడలు తాగే చుట్ట, అన్నిట్లోనూ నికోటిన్ ఉంది, అది నాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు, తర్వాత మరో నాలుగు వారాలు పూర్తిగా మానాలి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు అదుపులోకి వచ్చాకే తేదీ పెట్టుకోవాలి. ఇవి రెండూ చేయకుండా ఎంత మంచి స్కాన్ తీయించుకున్నా ప్రయోజనం ఉండదు.

రేడియేషన్ విషయం. ఏమీ కాదని కొట్టిపారేయను, భయపెట్టను కూడా. ప్రపంచ సగటు లెక్కన మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోసుకి కొలమానం) అందుతుంది. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, సుమారు 0.4. మామూలు ఛాతీ సీటీకి అయిదు నుంచి ఏడు దాకా. అంటే ఒక్క స్కాన్ రెండు మూడేళ్ళ సహజ రేడియేషన్‌తో సమానం. పెద్దయ్యాక ఒకసారి తీసిన దానివల్ల వచ్చే అదనపు ప్రమాదం చాలా చిన్నది. కానీ రొమ్ము రేడియేషన్‌కి సున్నితమైన అవయవం, వయసు తక్కువైన కొద్దీ ఇంకా సున్నితం. అందుకే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి మొదటి సర్జరీకి వస్తే సీటీ మాట ఎత్తకూడదనే నా ఉద్దేశం. మీరు తీయించుకునేటప్పుడు డోసు తగ్గించే మార్గాలు ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి. ఒకే దశ చాలు, ధమని దశ ఒక్కటే. కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఎక్కించాక ఒకసారి, కాసేపాగి ఇంకోసారి తీసే అలవాటు కొన్ని సెంటర్లలో ఉంది, దానితో డోసు రెండింతలు, మూడింతలు అవుతుంది. మీకు దానివల్ల లాభం లేదు. మెడకింది ఎముకల నుంచి రొమ్ము కింది మడత దాటే దాకా తీస్తే సరిపోతుంది, పొట్ట దాకా అక్కర్లేదు. ఎక్స్‌రే వోల్టేజి తగ్గించి, అంటే తక్కువ కిలోవోల్ట్‌లో, తీస్తే డోసూ తగ్గుతుంది, అయోడిన్ ఇంకా తెల్లగానూ కనిపిస్తుంది. ఇవన్నీ రాసి పంపడం మీ సర్జన్ బాధ్యత. గర్భం లేదని నిర్ధారించుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది, నెలసరి తేదీ సరిగ్గా చెప్పండి.

కాంట్రాస్ట్ ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, మూత్రం వచ్చేసిందేమో అన్నంత భ్రమ కలుగుతుంది. అర నిమిషంలో పోతుంది, కంగారుపడి కదలకండి. ముందుగా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, కిడ్నీ పనితీరును బట్టి ఆపాలో వద్దో వాళ్ళు చెప్తారు. ఇంతకుముందు కాంట్రాస్ట్‌కి దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పాల్సిన మాట. కోస్తా జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు: "డాక్టర్ గారూ, నాకు రొయ్యలు పడవు, అయోడిన్ ఇంజెక్షన్ వద్దు" అని. రొయ్యల ఎలర్జీ రొయ్యల్లోని ప్రోటీన్ వల్ల వచ్చేది, అయోడిన్ వల్ల కాదు. రొయ్యలు పడనంత మాత్రాన సీటీ మానుకోనక్కర్లేదు. ఎలర్జీ స్వభావం ఉందని చెప్తే చాలు.

రేడియేషన్ లేకుండా కుదరదా అంటే, కొంత కుదురుతుంది. మంచి రేడియాలజిస్టు ఓపిగ్గా కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ చేస్తే ఛాతీ ఎముక పక్క నాళాలు దొరుకుతాయి. ఒక పెద్ద నాళం పైనుంచి చనుమొన వైపు వస్తోందని అందులోనే తేలిపోతే నేను సీటీ దాకా వెళ్ళను. కానీ అది చేసేవాళ్ళ చేతి మీద ఆధారపడిన పరీక్ష. మొత్తం దారి ఒకే బొమ్మలో చూపించదు, పాత మచ్చకండ ఉన్నచోట నాళాన్ని వెంబడించడం కష్టం. ఎంఆర్ఐ యంత్రంతో రక్తనాళాలు చూసే ఎంఆర్ యాంజియోలో రేడియేషన్ లేదు, ఖర్చూ సమయమూ ఎక్కువ. మీ ఊళ్ళో రొమ్ము ఎంఆర్ఐ బాగా చేసే చోటు ఉంటే అడగొచ్చు. ఆపరేషన్ మధ్యలో ఐసీజీ అనే పచ్చరంగు మందు నరంలో ఎక్కించి ప్రత్యేక కెమెరాతో చనుమొనకి రక్తం చేరుతోందా చూసే సదుపాయం కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. అది సిరల ఇబ్బందిని కూడా పట్టిస్తుంది, కానీ కోత పెట్టాక చెప్తుంది. ముందే దారి ఎంచుకోవడానికి పనికిరాదు.

కోవిడ్ టైములో ఛాతీ స్కాన్ తీయించుకున్నానని, అది పనికొస్తుందా అని మీరే అడిగారు. అప్పుడు చాలామందికి తీసింది కాంట్రాస్ట్ లేని హెచ్ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తుల్ని వివరంగా చూసే సీటీ. అందులో రొమ్ము సైజూ, కొవ్వు ఎంత గ్రంథి ఎంత అన్నదీ బాగానే తెలుస్తాయి, సన్న నాళాలు నమ్మదగినట్టుగా తెలియవు. అయినా సీడీ ఉంటే పట్టుకెళ్ళండి. దాంతో సాఫ్ట్‌వేర్‌లో రెండు రొమ్ముల పరిమాణం కొలిచి ఏ వైపు ఎంత ఎక్కువుందో అంచనా వేయొచ్చు. కొవ్వు ఎక్కువుంటే లైపోసక్షన్‌తో చాలా పని జరుగుతుంది, గ్రంథి గట్టిగా ఉంటే కోసే తీయాలి. ఈ పరిమాణం ఒక్కదాని కోసం మాత్రం కొత్తగా సీటీ తీయించుకోవద్దు, కొలతలతోనూ కంటి అనుభవంతోనూ ఆ పని అవుతుంది.

మీలాగే స్కాన్ వల్ల లాభపడేవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. చనుమొన బాగా కిందికి దిగి ఒక్కో వైపు కేజీకి పైగా తీయాల్సినవాళ్ళలో, పొడుగాటి పెడికిల్ నిలుస్తుందా లేక చనుమొనను అతికించే పద్ధతికి వెళ్ళాలా అన్న సందేహం ఉన్నప్పుడు. రొమ్ములో పెద్ద గడ్డలు తీయించుకుని లోతైన మచ్చలున్నవాళ్ళు. ఇంకొకటి చాలామందికి తట్టదు, గుండె బైపాస్ అయిన ఆడవాళ్ళు. బైపాస్‌లో సాధారణంగా వాడేది ఎడమ ఇంటర్నల్ మామరీ ధమనినే. దాన్ని గుండెకి కలిపేశాక ఎడమ రొమ్ముకి లోపలివైపు నుంచి వచ్చే కొమ్మలు పోతాయి. అలాంటివాళ్ళలో ఎడమ వైపు సుపీరోమీడియల్ పెడికిల్ తీసుకోవడం ప్రమాదం. యాభై దాటినవాళ్ళు ఈ సర్జరీకి వస్తే గుండె ఆపరేషన్ సంగతి నేను తప్పకుండా అడుగుతాను.

సీటీ తీశారు కదా అని మామోగ్రామ్ మానకండి. కాన్సర్ తొలిదశలో కనిపించే సూక్ష్మమైన సున్నపు చుక్కల్ని సీటీ పట్టలేదు. మీ వయసుకి అల్ట్రాసౌండ్, మీ సర్జన్ అవసరమంటే మామోగ్రామ్ కూడా. ఇంట్లో అమ్మకో అక్కకో రొమ్ము కాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. తీసిన కండను రెండు వైపులా విడివిడిగా బయాప్సీకి పంపుతున్నారా అని కూడా అడగండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి మన పాలసీల్లో మినహాయింపు ఉంటుంది. ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పు తొలగించడానికి వైద్యపరంగా తప్పనిసరి అని చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరిస్తే ఆ మినహాయింపు నుంచి బయటపడే వీలుంది. మెడనొప్పికి ఫిజియోథెరపీ బిల్లులు, పుండ్లకి చర్మవైద్యుల చీటీలు, భుజాల గాడుల ఫోటోలు జాగ్రత్త చేయండి. అనుమతి వస్తుందని మాట ఇవ్వలేను, కానీ ఇవి లేకుండా అడిగినవాళ్ళకి రావడం చాలా కష్టం.

రిపోర్టు వచ్చాక మీ సర్జన్‌తో కూర్చుని రెండు వైపులా విడిగా మాట్లాడండి. కుడివైపు పై నాళం బాగుండి ఎడమవైపు అది తెగిపోయి ఉంటే రెండు రొమ్ములకి రెండు వేర్వేరు పెడికిల్స్ తీసుకోవచ్చు, బయటికి ఆకారం ఒకేలా వస్తుంది. ఎక్కడా నమ్మదగిన నాళం కనిపించకపోతే తక్కువ కండ తీసి తక్కువ పైకి జరపడం ఒక దారి, చనుమొనను అతికించడం రెండో దారి. మీకు ఇద్దరు పిల్లలు అయ్యారు కాబట్టి పాలివ్వడం ఇప్పుడు పెద్ద ప్రశ్న కాకపోవచ్చు, కానీ స్పర్శ పోవడం మీకు ఎంత ముఖ్యమో మీరే చెప్పాలి. ఆపరేషన్ బల్ల మీద చనుమొన రంగు మారితే అప్పటికప్పుడు అతికించే పద్ధతికి మారడానికి మీ అనుమతి సర్జన్‌కి కావాలి. మత్తులో ఉన్న మిమ్మల్ని అప్పుడు అడగలేరు. ఆ సంతకం పెట్టాలా వద్దా అన్నది స్కాన్ బొమ్మ ముందు పెట్టుకుని, మీతోపాటు ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, ఆపరేషన్ రోజు కంటే ముందే తేల్చుకోండి.